ఏడాదిలో బైబిలంతా చదవాలా, రోజుకో చిన్న భాగం ధ్యానించాలా?

బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది.

సమయం: దీనికి ఇరవై నిమిషాలు. ధ్యానానికి పది చాలు, ఫోను మాత్రం పక్క గదిలో ఉండాలి.

చిక్కు: జనవరి 1న మొదలుపెట్టినవాళ్లు నెలాఖరుకు మూడో పుస్తకమైన లేవీయకాండానికి చేరతారు. బలుల వివరాల దగ్గర రెండు రోజులు తప్పితే ఆరు అధ్యాయాల బాకీ, అక్కడే మానేస్తారు. బాకీ వదిలేసి ఆ రోజు భాగమే చదవండి. ధ్యానంలో చిక్కు వేరు: నచ్చిన వచనాన్నే పట్టుకుంటాం. యిర్మీయా 29:11లోని మంచి భవిష్యత్తు వాగ్దానం కార్డు మీద ఉంటుంది, పై వచనంలోని బబులోను చెర డెబ్బై ఏళ్లు ఉండవు.

ప్రవక్తల గ్రంథాలు ఎన్నడూ తెరవనివారికి ఏడాది ప్రణాళికే మేలు. కొత్త విశ్వాసికి మార్కు సువార్త, రోజుకు సగం అధ్యాయం. ప్రార్థన పొడిబారినవారికి 119వ కీర్తన: రోజుకు ఎనిమిది వచనాలు, 22 రోజులు.