ఏడాదిన్నర చూశాక రాస్తున్నా: స్కూల్‌కి నాలుగు స్టార్లు, దాని అటెండెన్స్ యాప్‌కి రెండు

మావాడు రెండో తరగతి. ఒకటో తరగతి మధ్యలో ఈ ప్రైమరీ స్కూల్లో వేశాం, ఏడాదిన్నర అయింది. వేసే ముందు నేనూ రాత్రిళ్ళు కూర్చుని దొరికిన రివ్యూలన్నీ చదివాను. సగం రివ్యూల్లో "బిల్డింగ్ బాగుంది, స్టాఫ్ మంచివాళ్ళు" తప్ప ఏమీ లేదు, మిగతా సగం పార్కింగ్ గొడవ. గేటు దాటి లోపలికి వెళ్ళిన పిల్లాడు సాయంత్రం దాకా ఏం చేస్తాడన్నది ఒక్కరూ రాయలేదు. అందుకే నేను అదే రాస్తాను. స్కూల్ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, మావాడు ఇంకా మూడేళ్ళు అక్కడే చదవాలి.

ముందు బాగున్నవి. క్లాసు తలుపు పక్కన ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. ఆ వారం ఎవరి పని ఏంటో దాని మీద పేర్లు రాసిన క్లిప్పులు పెడతారు. బోర్డు తుడిచేవాళ్ళు, నోట్‌బుక్స్ పంచేవాళ్ళు, లైన్లో ముందు నిలబడేవాళ్ళు, మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళు, కిటికీలోంచి చూసి ఈరోజు ఎండా మబ్బా వానా అని చార్టు మీద బొమ్మ అతికించేవాళ్ళు. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. కానీ మావాడికి వాతావరణం డ్యూటీ పడిన వారం లేవగానే కళ్ళు నులుముకుంటూ బాల్కనీలోకి పరిగెత్తి, "మబ్బు పట్టింది, అయినా నేను వెళ్ళేసరికి మారొచ్చు" అని ఆరిందాలా చెప్పేవాడు. ఆ వారం వాణ్ని లేపడానికి నేను గొంతు చించుకోలేదు. వాడు రాకపోతే ఆ చార్టులో బొమ్మ ఉండదని వాడి నమ్మకం, నిజంగానే ఉండదు కూడా, ఎందుకంటే టీచర్ ఇంకొకరి చేత పెట్టించదు, ఆ గడి ఖాళీగానే వదిలేస్తుంది.

ఆ ఖాళీ గడి సంగతి మాకు గట్టిగా తెలిసింది చిక్కుడు గింజ దగ్గర. గాజు గ్లాసులో తడి దూది పెట్టి, గ్లాసు గోడకీ దూదికీ మధ్య గింజ ఇరికించి, రోజూ వేరు ఎంత పెరిగిందో స్కేలుతో కొలిచి గళ్ళ కాగితం మీద కడ్డీలు గీయాలి. ఇద్దరికి ఒక గ్లాసు. సోమవారం మొదలుపెట్టారు, బుధవారం దాకా గింజ ఉబ్బడం తప్ప ఏమీ లేదు. గురువారం, శుక్రవారం మేము ఒక ఫంక్షన్‌కి వెళ్ళాం, రెండో తరగతికి రెండు రోజుల్లో ఏం మునిగిపోతుందిలే అనుకుని. సోమవారం వాడు వెళ్ళేసరికి వేరు నాలుగు సెంటీమీటర్లు దిగి ఉంది, చివరికి కాస్త పైన సన్నగా నూగులాంటి పిల్లవేర్లు కూడా వచ్చేశాయి. గింజ తోలు చీల్చుకుని మొదటి వేరు తెల్లగా బయటికి వచ్చిన రోజు వీడు లేడు. జతగాడి కాగితంలో చూసి ఆ రెండు కడ్డీలు గీసుకుంటానంటే టీచర్ ఒప్పుకోలేదట, "నువ్వు చూడని కొలత నువ్వు రాయకూడదు, ఖాళీగా ఉంచు" అందట. ఆ సాయంత్రం బ్యాగు కూడా దించకుండా కాగితం తీసి, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి, "ఇక్కడ ఏం జరిగింది నాన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మొదట నాకు టీచర్ మీద కోపమే వచ్చింది, ఏడేళ్ళ పిల్లాడితో అంత పంతమా అని. మా ఆవిడేమో "సరిగ్గానే చేసింది" అంది. ఇప్పుడు నేనూ అదే అంటాను, కాకపోతే నాకు రెండు వారాలు పట్టింది.

లెక్కల్లో ఇది ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. జ్వరం వచ్చి మూడు రోజులు వరసగా మానాడు, ఆ మూడు రోజుల్లో అప్పు తీసుకుని తీసివేసే పద్ధతి చెప్పేశారు. తర్వాత ఒక రాత్రి హోంవర్క్ చూస్తే 42లోంచి 17 తీసేస్తే 35 అని రాసి ఉంది. ఏంట్రా అంటే, రెండులోంచి ఏడు పోదు కదా, అందుకే ఏడులోంచి రెండు తీశా అన్నాడు. వాడి లాజిక్ వాడికి ఉంది! తోటిపిల్లాడి నోట్స్ మొత్తం తెచ్చి ఎక్కించుకున్నాం, అందులో నాలుగు కొట్టేసి పైన చిన్నగా మూడు రాసి ఉంది, రెండు పక్కన ఒకటి వచ్చి చేరి ఉంది, అంతే. అసలు క్లాసులో టీచర్ పది పది పుల్లలు రబ్బర్‌బ్యాండ్‌తో కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పించి, ఆ విడి పుల్లల్ని రెండు పుల్లల్లో కలిపించి చేయించిందట. నోట్స్ మా ఇంటికి వచ్చాయి, పుల్లలు రాలేదు. మానేసిన రోజు నోట్స్ తెచ్చుకుంటే సరిపోతుందనే మాట పై తరగతుల్లో నిజమేమో గానీ, చేత్తో పట్టుకుని నేర్చుకునే వయసులో కాదు. ఇంట్లో పుల్లలు వెతికి నేనే కట్టలు కట్టాను, నలభై నిమిషాలు పట్టింది, ఒక రబ్బర్‌బ్యాండ్ నా కంట్లో తగిలింది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. లైబ్రరీ పీరియడ్ వారానికి రెండు, పుస్తకం ఇంటికి ఇస్తారు, చిరిగితే తిట్టరు, టేపు ఇచ్చి మీరే అతికించండి అంటారు. ఆటల పీరియడ్ నిజంగానే ఆటలకే, పోర్షన్ అవ్వలేదని లాక్కోరు. క్రాఫ్ట్ పర్వాలేదు, జిగురు ఎక్కువ, బొమ్మ తక్కువ. యాన్యువల్ డే మాత్రం నాకు నచ్చలేదు. మూడు వారాలు రిహార్సల్ అని పాఠాలు ఆపేశారు, ముందు వరస పిల్లలు డాన్స్ చేస్తుంటే మావాడు వెనకాల చెట్టు. కదలని చెట్టు. మూడు వారాలు కదలకుండా నిలబడటం ప్రాక్టీస్ చేశాడు, ఇంట్లో మటుకు ఆ విద్య ఒక్క నిమిషం కూడా పనిచేయలేదు.

ఇప్పుడు రెండు స్టార్ల సంగతి, అంటే అటెండెన్స్ యాప్. తెరిస్తే ఈరోజుకి పచ్చ టిక్ గానీ ఎర్ర గుర్తు గానీ కనిపిస్తుంది. నిన్నటిది కావాలంటే క్యాలెండర్‌లోకి వెళ్ళాలి, పోయిన నెలది కావాలంటే ఇంకో రెండు నొక్కులు. మొత్తం ఎన్ని రోజులు మానాడన్న అంకె ఎక్కడా లేదు. పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ రిజిస్టర్ తిప్పి "104 పని దినాల్లో 13 రోజులు రాలేదండీ" అంటే నేను ఎవరి గురించో అనుకున్నాను. నా మనసులో లెక్క ఆరు, మహా అయితే ఏడు. ఇంటికొచ్చి లెక్క వేస్తే పన్నెండున్నర శాతం. చాలాచోట్ల పది శాతం గానీ అంతకు మించి గానీ మానితే తరచుగా బడి మానే పిల్లల కింద లెక్కేస్తారు, కారణం జ్వరమా షికారా అని చూడరు, ఎందుకంటే పాఠం రెండిటికీ ఒకేలా పోతుంది. ఏడాదికి 180 రోజులు బడి నడిచే చోట పది శాతమంటే 18 రోజులు, నెలకి రెండు రోజుల చొప్పున పోతే తెలియకుండానే అక్కడికి చేరిపోతాం.

ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 28 వేలకు పైగా కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. తల్లిదండ్రులు తమ పిల్లలు మానిన రోజుల్ని బాగా తక్కువ అనుకుంటున్నారని గమనించి, మీ పిల్లలు ఇప్పటిదాకా మొత్తం ఇన్ని రోజులు రాలేదు అని ఇంటికి ఉత్తరాలు పంపారు. తరచుగా మానే పిల్లల సంఖ్య పది శాతమో, అంతకన్నా ఎక్కువో తగ్గింది. ఒక్క అంకె, ఒక కాగితం. ఇంత ఖరీదైన యాప్ చేసినవాళ్ళకి ఆ అంకె పెట్టడం ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు. యాప్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం బెలూన్లతో సహా వస్తాయి.

ఇంకో తిట్టు. "మీ చిన్నారి ఈరోజు హాజరు కాలేదు" అన్న మెసేజ్ ఒకరోజు పదకొండు నలభైకి వచ్చింది. పొద్దున గేటు దగ్గర నేనే దింపి వచ్చాను! గుండె జారిపోయింది. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు ఎవరూ ఎత్తలేదు, ఆ ఇరవై నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. తీరా చూస్తే హాజరు పిలిచినప్పుడు వాడు బాత్రూమ్‌కి వెళ్ళాడు, తర్వాత ఎవరూ దిద్దలేదు. తప్పు జరగడం సరే. నిజంగా పిల్లాడు రాకపోయి ఉంటే మాత్రం ఆ మెసేజ్ పదకొండు నలభైకి వచ్చి ఏం లాభం?

వంద శాతం హాజరు సర్టిఫికెట్‌కి స్టారే ఇవ్వను. పోయిన టర్మ్ చివర్లో ఒక పాప అది పోతుందన్న భయంతో వాంతులు అవుతున్నా వచ్చింది, పాపం ఇంట్లో చెప్పలేదు, తర్వాతి వారం క్లాసులో సగం బెంచీలు ఖాళీ. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య సేవ, ఈ విషయంలో మాట సూటిగా చెబుతుంది: చిన్న జలుబు, దగ్గు ఉంటే పంపించొచ్చు, జ్వరం ఉంటే తగ్గేదాకా వద్దు, వాంతులు విరేచనాలు ఆగాక రెండు రోజులు ఇంట్లోనే, ఆటలమ్మ అయితే పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా. ఇలాంటి నాలుగు ముక్కలు మా స్కూల్ డైరీ వెనక అట్ట మీద అచ్చు వేస్తే సర్టిఫికెట్ కన్నా ఎక్కువ ఉపయోగం. పైగా కాలిఫోర్నియాలో 15 వేల మందికి పైగా పిల్లల మీద చూస్తే, అంతకుముందు బాగా వచ్చినందుకని చెప్పకుండా ఉన్నట్టుండి సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లలు తర్వాత ఇంకాస్త ఎక్కువే మానారు. వాళ్ళు ఆరో తరగతి, ఆ పై తరగతుల పిల్లలు, మనవాళ్ళకి అచ్చంగా అలాగే ఉంటుందని అనను. కానీ మావాణ్ని పొద్దున్నే బాల్కనీలోకి పరిగెత్తించింది సర్టిఫికెట్ కాదు, ఆ చార్టులో గడి.

సరే, 13 రోజులు. మీటింగ్ అయిన రాత్రి యాప్‌లో నెల నెలా వెనక్కి వెళ్ళి తేదీలన్నీ గోడ క్యాలెండర్ మీద పెన్నుతో చుట్టాను. జ్వరం నాలుగు, ఫంక్షన్ రెండు, ఊరి నుంచి ఆలస్యంగా తిరిగొచ్చి ఎగ్గొట్టినవి రెండు. మిగిలిన ఐదూ కడుపునొప్పి. ఆ ఐదు చుట్టలూ ఒకే నిలువు వరసలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఐదూ బుధవారాలే. ఫోన్ తెరలో నెలకో ముక్కగా చూస్తే అది ఎప్పటికీ కనిపించేది కాదు.

వాణ్ని అడిగితే "నొప్పి నిజంగానే వచ్చింది" అన్నాడు, నిజమే అయి ఉంటుంది, భయానికి పిల్లల్లో ముందు పట్టుకునేది కడుపే. మర్నాడు టీచర్‌కి చెబితే ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "బుధవారం అందరి ముందు నిలబడి చదివించే పీరియడ్ ఉందండీ" అంది. ఆ మాట అన్నాక తనే కాస్త చిన్నబుచ్చుకుంది. స్కూల్‌కి నాలుగు స్టార్లు ఇవ్వడానికి కారణం దాని తర్వాత జరిగింది. వాణ్ని ఆ పీరియడ్ నుంచి తప్పించలేదు, భయం పోగొట్టుకోమని క్లాసూ పీకలేదు. మంగళవారం సాయంత్రం జతగాడికి, అదే ఆ చిక్కుడు గింజ జతగాడికి, వాడు చదవబోయే పేజీ ఒకసారి వినిపించమంది. బుధవారం ఇద్దర్నీ కలిపి నిలబెట్టి చెరో పేరా చదవమంది. మొదటి బుధవారం పొద్దున వాడు పొట్ట పట్టుకునే వెళ్ళాడు, గేటు దగ్గర నా చెయ్యి వదలడానికి కాస్త టైమ్ తీసుకున్నాడు. గేటు దగ్గర నిలబడే ఆయా "ఏం బాబూ, మీ మొక్క ఎంత ఎత్తయింది?" అని అడిగింది, వాడు కొలత చెప్పడంలో పడి లోపలికి వెళ్ళిపోయాడు.

మీరు ఏ స్కూల్ చూడటానికి వెళ్ళినా బిల్డింగ్ తర్వాత చూడొచ్చు, రెండు విషయాలు అడగండి. ఒక పిల్లాడు మూడు రోజులు రాకపోతే ఎవరు ఫోన్ చేస్తారు, క్లర్కా, క్లాస్ టీచరా? తిరిగొచ్చిన పిల్లాడికి పోయిన పాఠం చేత్తో చేయించడానికి టైమ్ ఎక్కడ దొరుకుతుంది? మా స్కూల్లో మొదటిదానికి జవాబు బాగుంది, రెండోదానికి ఇంకా లేదు, అందుకే ఐదో స్టార్ ఆపాను.

అప్‌డేట్: ఇది రాసి మూడు వారాలైంది. యాప్ కొత్త వెర్షన్ వచ్చింది, మొత్తం మానిన రోజులు ఇప్పుడు మొదటి పేజీలోనే కనిపిస్తున్నాయి, కాబట్టి అరస్టార్ కలుపుతున్నా. మెసేజ్ మాత్రం ఇంకా పదకొండు దాటాకే. మా అంకె 13 దగ్గరే ఆగి ఉంది. నిన్న బుధవారం, మావాడు చదువుతూ ఒక పదం తప్పు పలికాడట, జతగాడు పక్కనుంచి దిద్దాడట, తర్వాత జతగాడి వంతులో వీడు రెండు దిద్దాడట. ఆ రెండు అనే అంకె మాకు రాత్రి భోజనం దగ్గర నాలుగుసార్లు చెప్పాడు.