చిన్న రోబోకి ఏ గేర్ మోటార్? ఎన్20ని ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

చిన్న రోబో చేయాలనుకునేవాళ్లకి మన దగ్గర సులువుగా దొరికే గేర్ మోటార్లు (వేగం తగ్గించి బలం పెంచే పళ్లచక్రాలు తగిలించిన మోటార్లు) రెండు: పసుపు రంగు బీఓ మోటార్, వేలెడంత ఎన్20. కోఠి గుజరాతీ గల్లీ షాపుల్లోనూ ఇవే, ఆన్‌లైన్‌లోనూ ఇవే. నేను రెండూ ఏళ్ల తరబడి వాడాను. లైన్ ఫాలోవర్ (నేల మీది గీత వెంట తనే నడిచే రోబో) లాంటి అరకిలో లోపు బండికైతే ఇప్పుడు ఎన్20 తప్ప ఇంకోటి పెట్టను. అందులోనూ 6 వోల్టులది, 300 ఆర్‌పీఎమ్‌ది, అంటే నిమిషానికి 300 చుట్లు తిరిగేది.

బీఓ మోటార్‌కి చక్రం తొడిగి వేళ్లతో అటూ ఇటూ కదిపి చూడండి. పళ్లు పట్టుకునేలోపే చక్రం కాస్త ఊరికే కదులుతుంది. గీత మీద బండి దారి సరిచేసుకున్న ప్రతిసారీ ఆ వదులే ఊగిసలాటగా బయటపడుతుంది. ప్రోగ్రామ్‌లో ఎంత సర్దినా అది పూర్తిగా పోదు. ఎన్20లో గేర్లు లోహంవి, వదులు బాగా తక్కువ. షాఫ్ట్ 3 మిల్లీమీటర్లు, ఒకవైపు చదునుగా ఉంటుంది కాబట్టి చక్రం జారదు.

షాపులో అందరూ ఆర్‌పీఎమ్ ఒక్కటే అడుగుతారు. అది చాలదు. వెనక మోటార్ అదే ఉండి గేర్ నిష్పత్తి మాత్రమే మారితే, వేగం పెరిగినకొద్దీ బలం తగ్గుతుంది. ఒక లెక్క చూడండి. అరకిలో బండి, 43 మి.మీ. చక్రాలు, 30 డిగ్రీల వాలు ఎక్కాలి. రెండు మోటార్లకీ కలిపి సుమారు 0.54 కేజీ-సెం.మీ. టార్క్ (తిప్పే బలం) కావాలి, అంటే ఒక్కోదానికి 0.27. స్టాల్ టార్క్ (బరువుకి మోటార్ తిరగలేక ఆగిపోయే చోట ఉండే గరిష్ఠ బలం) దీనికి కనీసం మూడు నాలుగు రెట్లు ఉన్నది తీసుకుంటేనే మోటార్ వేడెక్కకుండా నడుస్తుంది. అదే చక్రంతో 300 ఆర్‌పీఎమ్ అంటే సెకనుకి దాదాపు 67 సెంటీమీటర్లు. ఇంట్లో వేసుకున్న ట్రాక్‌కి అది ధారాళంగా సరిపోతుంది.

ఇంకో తిరకాసు ఉంది. చూడటానికి ఒకేలా ఉన్న ఎన్20ల్లో లోపలి తీగ చుట్ట వేరుగా ఉంటుంది. కొన్ని ఆగిపోయినప్పుడు అర ఆంపియర్ లోపే లాగుతాయి, కొన్ని ఒకటిన్నర దాకా లాగేస్తాయి. అమ్మేవాళ్లు చెప్పకపోతే మల్టీమీటర్‌తో రెండు కాళ్ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. మోటార్‌ని ఒక్క క్షణం తిప్పి ఆపి మళ్లీ కొలవండి. ఇలా కొన్నిసార్లు చేసి, వచ్చినవాటిలో తక్కువది తీసుకోండి. 5 ఓమ్‌లు వస్తే 6 వోల్టుల దగ్గర స్టాల్ కరెంట్ 1.2 ఆంపియర్లు. డ్రైవర్ (మోటార్‌కి కరెంట్ అందించే చిన్న బోర్డు) దానికి తగ్గట్టు ఉండాలి. నాకు నచ్చింది టీబీ6612. పాత ఎల్298ఎన్ దాదాపు రెండు వోల్టులు తనే మింగేస్తుంది, చిన్న మోటార్‌కి అది పెద్ద నష్టం.

ఎన్20లో నన్ను నిజంగా విసిగించింది దాని తెరిచి ఉన్న గేర్‌బాక్స్. నేల మీద వెంట్రుకలు, కార్పెట్ పోగులు నేరుగా పళ్లలోకి చుట్టుకుంటాయి. పట్టకారుతో లాగేసి, కాస్త తెల్ల గ్రీజు పెడితే మళ్లీ మామూలుగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగే రకాల చక్రాన్ని మాత్రం చేత్తో బలవంతంగా తిప్పకండి, పళ్లు విరుగుతాయి. ముందువైపు బిగించే స్క్రూ పొడవైనా ప్రమాదమే, లోపలికి దిగి గేర్‌ని పట్టేస్తుంది. వైర్లు అతికేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు పెడితే వెనక ప్లాస్టిక్ కరిగిపోతుంది.

బడి పిల్లల మొదటి బండికి మాత్రం బీఓ మోటారే ఇవ్వండి. చవక, 65 మి.మీ. చక్రం సులువుగా దొరుకుతుంది, చిన్న చేతులతో బిగించడం తేలిక, విరిగినా బాధ ఉండదు. బండి కిలో దాటితే ఈ రెండూ వద్దు, 25 మి.మీ. గేర్ మోటార్ చూడండి.

ఎన్20 కొనేటప్పుడు రెండు కాకుండా ఒకే బ్యాచ్‌లో మూడు తీసుకోండి. ఒకటి పోయాక విడిగా తెచ్చింది పాతదానితో సమానంగా తిరగదు, బండి ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది.