గర్భిణి ఉన్న ఇంట గ్లూకోమీటరు: పది వారాల వాడకంలో తేలినవి

మా అమ్మాయి తొలి కాన్పుకు విజయనగరం వచ్చిన వారంలోనే, 28వ వారం పరీక్షలో 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు షుగర్ 164 వచ్చింది. 140 గానీ, ఆపైన గానీ ఉంటే గర్భకాల మధుమేహంగా లెక్క. తిండి మార్చి, రోజూ నడిచి, పరగడుపున ఒకసారి, మూడు పూటలా తిన్న రెండు గంటలకు ఒక్కోసారి ఇంట్లోనే చూసుకుని పుస్తకంలో రాయమని డాక్టరమ్మ చెప్పడంతో ఆ సాయంత్రమే గంటస్తంభం దగ్గర ఈ మీటరు కొన్నాము. కంపెనీ పేరు అవసరం లేదు; ఏ మీటరు కొన్నవారికైనా పనికివచ్చే సంగతులే రాస్తున్నాను.

చిన్న చుక్క చాలు, ఐదు సెకన్లలో అంకె వస్తుంది, ఆ అంకె నాకు కళ్లజోడు లేకుండానే కనిపిస్తుంది. ఖర్చంతా రక్తపు చుక్క అంటించే స్ట్రిప్పులదే. రోజుకు నాలుగు చొప్పున యాభై స్ట్రిప్పుల డబ్బా పన్నెండు రోజులకే అయిపోతుంది, కాబట్టి మీటరు ధర కంటే ముందు స్ట్రిప్పుల ధర అడగాలి.

నాకు నచ్చనిది, అంకె హద్దులోనే ఉందని చెప్పే పచ్చదీపం. రెండో రోజు భోజనం తరువాత 148 వచ్చినా పచ్చదీపమే వెలగడంతో అంతా బాగుందనుకున్నాము. కంపెనీవారు ముందే పెట్టి ఉంచిన హద్దు 160 అని, గర్భిణికి పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలని డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది. హద్దు మార్చుకునే వీలు మీటరులో ఉంది గానీ, ఆ మాట అమ్మిన షాపులో ఎవరూ చెప్పలేదు. తల్లీబిడ్డల క్షేమం ఆధారపడిన వస్తువును ఇలా చేతిలో పెట్టి పంపడం తప్పని గట్టిగా అంటాను.

ఒక సాయంత్రం 214 చూపింది. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతకుముందే తమ్ముడికి సువర్ణరేఖ మామిడిపండు కోసి పెట్టి, చేయి తువ్వాలుకు తుడుచుకుందని నాకు గుర్తొచ్చింది. సబ్బుతో కడిగి, బాగా ఆరనిచ్చి, మరో వేలి పక్కభాగంలో గుచ్చితే 108. వేలికి అంటిన పండురసం కూడా అంకెలోకి ఎక్కుతుంది.

అసలు ఉపకారం వంటింట్లో జరిగింది. చోడి (రాగి) అంబలి ఎంత తాగినా మంచిదేనని మా నమ్మకం. పెద్ద గ్లాసుడు తాగితే 151 వచ్చింది. అర గ్లాసు చేసి, పక్కన ఉడికించిన గుడ్డు, గుప్పెడు నానబెట్టిన పెసలు పెడితే 114. అంబలి మానకుండానే దారి దొరికింది, ఇన్సులిన్ అవసరం పడలేదు. అవసరమైతే తీసుకోవడానికి భయపడకూడదని కూడా డాక్టరమ్మ ముందే చెప్పారు.

తల్లి రక్తంలోని షుగర్ మాయ గుండా బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. అందుకని బిడ్డ తన ఇన్సులిన్‌ను తానే ఎక్కువగా తయారు చేసుకుంటుంది. బొడ్డు కోశాక తల్లి షుగర్ ఆగిపోయినా ఆ ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉండటంతో బిడ్డకు షుగర్ పడిపోవచ్చు. మా మనవరాలికి గంటలోపే ముర్రుపాలు పట్టించి, తరువాత మడమ నుంచి చుక్క తీసి చూశారు: 56. 45 కంటే తగ్గకపోతే చాలన్నారు.

కాన్పయ్యాక ఆరో వారంలో అమ్మాయికి మళ్లీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయించాలి. ఆ తేదీని మీటరు సంచికి కాగితం అంటించి రాసి ఉంచాను.