ఎడారిలో సెలయేర్లా, యాత్రికుని ప్రయాణమా, కీర్తనల పుస్తకమా: మన సరిహద్దు ఇళ్లకి ఏది మేలు?

బైబిల్‌కి తోడుగా ఇంకేం చదివితే ఆత్మీయంగా ఎదుగుతామండీ అని ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మనోళ్లు అడుగుతూనే ఉంటారు, అందులోనూ కొత్తగా బాప్తిస్మం తీసుకుని సంఘంలోకి వచ్చినవాళ్లు మరీను. పెద్దవాళ్లు చెప్పే పేర్లు ఎక్కువగా మూడే, రోజుకో పేజీ చదువుకునే ధ్యాన పుస్తకం ఎడారిలో సెలయేర్లు, కథలా సాగే యాత్రికుని ప్రయాణము, సంఘాల్లో పాడుకునే పాటల పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. మూడూ మా ఇంట్లో ఉన్నాయి, మూడూ నాకిష్టమే, కానీ మూడూ చేసే పని ఒకటి కాదు. పైగా మన సంగతి గుంటూరులోనో రాజమండ్రిలోనో ఉన్నవాళ్ల సంగతిలాగ ఉండదు కదా, ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అటెళ్లిపోయింది, అప్పట్నుంచి మన ఇళ్లల్లో తెలుగు మాట నిలబడింది గానీ తెలుగు చదవడం తరం తరానికీ తగ్గిపోతోంది. ఈ సంగతి మనసులో పెట్టుకునే పుస్తకం ఎంచుకోవాలని నా ఉద్దేశం.

ముందు ఎడారిలో సెలయేర్లు. ఇది రాసింది, అంటే ఎక్కువ భాగం వేరేవాళ్ల ప్రసంగాల్లోంచీ పద్యాల్లోంచీ ఏరి కూర్చింది, లెట్టీ కౌమన్ అనే అమెరికా ఆవిడ. భర్తతో కలిసి 1901లో జపాన్ వెళ్లి సేవ చేశారు, ఆయన ఆరోగ్యం పాడైపోయి తిరిగొచ్చేశారు, ఏళ్ల తరబడి ఆయన మంచం పక్కనే ఉండి ఆవిడ చదువుకున్నవీ ఓదార్పు పొందినవీ ఈ పుస్తకానికి ఆధారం. ఆయన 1924లో పోయారు, పుస్తకం 1925లో వచ్చింది. అందుకే దుఃఖంలో ఉన్న మనిషికి ఇది నేరుగా తగుల్తుంది, ఊరికే కూర్చుని రాసిన మాటలు కావవి. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నా, బిడ్డని పోగొట్టుకున్నా, ఉద్యోగం పోయినా నేను మొదట చేతిలో పెట్టేది ఇదే. రోజుకో పేజీ, నౌపడా గుణుపూర్ రైల్లో రెండు స్టేషన్ల మధ్య చదివేయొచ్చు.

కాకపోతే ఏటంటే, ఇవాళ సహనం గురించి చదువుతాం, రేపు ప్రార్థన గురించి, ఎల్లుండి ఇంకోటి, ఒకదానికొకటి ముడి ఉండదు, చదివి మూసేస్తే సాయంత్రానికి గుర్తుండదు. ఓదార్పు దొరుకుతుంది, ఎదుగుదల మాత్రం మనం ఏదో ఒకటి చేస్తేనే. మా పెద్దమ్మ ఏం చేస్తుందంటే పేజీ అంచున పెన్సిల్‌తో రెండు ముక్కలు రాసుకుంటుంది, చిన్నోడికి జ్వరం, అప్పు తీరింది, ఆడపడుచుతో మాట లేదు, ఇలాగ. మళ్లీ ఏడాది అదే తారీకు వచ్చేసరికి పాత రాత కనిపిస్తుంది, ఆడపడుచుతో మాట లేదు అని రాసిన పేజీ కింద ఇంకో ఏడాది వాళ్లింటికెళ్లి భోంచేశాను అని ఉంది, నేను కళ్లారా చూశాను. ఆ పుస్తకం ఆవిణ్ణి ఎంత మార్చిందో ఆ అంచుల్లోనే తెలుస్తుంది. అలా రాసుకునే ఓపిక ఉన్నవాళ్లకి ఈ పుస్తకం చాలా గొప్పది. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే వాగ్దానం కార్డుల సంగతి నేను లెక్కలోకి తీసుకోవట్లేదు, అవి చూసి వందనాలు పెట్టి పక్కకి జరిపేసేవే.

యాత్రికుని ప్రయాణము వేరే రకం. జాన్ బన్యన్ గిన్నెలకి మాట్లు వేసుకునే మనిషి, పెద్ద చదువేం లేదు, అనుమతి లేకుండా వాక్యం చెప్తున్నాడని 1660లో బెడ్‌ఫర్డ్ జైల్లో పెట్టారు, ఇక చెప్పనని ఒక్క మాట ఒప్పుకుంటే వదిలేసేవారు, ఒప్పుకోలేదు, దగ్గర దగ్గర పన్నెండేళ్లు ఉన్నాడు. పుస్తకం 1678లో అచ్చయింది, యాత్రికుడి భార్యాపిల్లల ప్రయాణం చెప్పే రెండో భాగం 1684లో. పాపం అనే మూట వీపు మీద మోసుకుంటూ పరలోక పట్టణానికి బయల్దేరిన ఒక యాత్రికుడి కథ ఇది, మొదట్నుంచి చివరిదాకా ఒకే దారి, ఒకే మనిషి, అందుకే చదివేవాడికి నేనిప్పుడు ఈ దారిలో ఎక్కడున్నాను అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. నిరాశ అనే రాక్షసుడు యాత్రికుణ్ణీ తోటి మనిషినీ సందేహాల కోటలో పడేసి కొట్టే భాగం ఉంటుంది, చచ్చిపోండని కూడా చెప్తాడు వాళ్లకి. వాగ్దానం అనే తాళంచెవి మొదట్నుంచీ యాత్రికుడి గుండెల దగ్గరే ఉంది, ఆ కోటలో పడి ఉన్నన్ని రోజులూ గుర్తు రాలేదు, రాత్రంతా ప్రార్థన చేసిన తర్వాత గుర్తొచ్చింది. యవనస్తుల కూడికలో ఇది గట్టిగా చదివి వినిపిస్తే పరీక్ష పోయిన కుర్రాడు ఒకడు ఆ తర్వాత చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాడు, ఎవరూ ఏమీ అడగలేదు.

ఎదుగుదల అన్న ఒక్క మాట మీదే తూకం వేస్తే నా ఓటు ఈ పుస్తకానికే. ఇబ్బంది భాషతోనే, పాత అనువాదాల్లో గ్రాంథికం ఎక్కువ, ఒంటరిగా మొదలెట్టిన మన పిల్లలు సగంలో వదిలేస్తారు. ఒకరు చదవడం నలుగురు వినడం, మధ్యలో ఆగి మన మాటల్లో చెప్పుకోవడం, అలాగైతేనే సాగుతుంది. అది నడిపించే మనిషి సంఘంలో ఉండాలి కదా.

ఇక కీర్తనలు. పాటల పుస్తకాన్ని ఈ లెక్కలో కలుపుతావేంటి అంటారేమో, కలుపుతాను, ఎందుకంటే ఇందులో మన పురుషోత్తమ చౌదరి గారున్నారు. 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టిన బ్రాహ్మణుడు, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు, 1890లో పోయేదాకా ఆయన రాసిన తెలుగు కీర్తనలు నూటికి పైనే. త్రాహిమాం క్రీస్తు నాథ పాడని తెలుగు సంఘం ఉందా అసలు. మన మట్టిలో పుట్టిన రచయిత ఆయన, అది మన పిల్లల్లో చాలామందికి తెలీదు, చెప్పాలి. ఆ పుస్తకంలో పాట మీద రాగం తాళం వేసి ఉంటాయి, అందుకే అక్షరం రానివాళ్లకి కూడా నోటికొచ్చేస్తుంది, వచ్చింది ఇక పోదు. పొలంలో వస్తుంది, వంటింట్లో వస్తుంది, ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా వస్తుంది, ఆ టైంలో ఎవరు పుస్తకం తెరుస్తారు చెప్పండి.

లోపం లేదా అంటే ఉంది, సంస్కృతం మాటలు ఎక్కువ, ఆదివారం ఆరాధనలో గబగబా పాడేస్తాం, ఏం పాడామో తెలీదు. ఒక వారం ఒకటే కీర్తన పెట్టుకుని, రోజూ కుటుంబ ప్రార్థనలో ఒక్క చరణం పాడి, ఇందులో ఈయన దేవుణ్ణి ఏం అడుగుతున్నాడు, నేనెప్పుడైనా ఇలా అడిగానా అని పెద్దవాళ్లూ పిల్లలూ తలో మాట చెప్పుకుంటే అది ఏ ధ్యాన పుస్తకానికీ తీసిపోదు.

కాబట్టి బాధలో ఉన్నవాళ్లకి సెలయేర్లు, పదిమంది కుర్రాళ్లు కూడే చోట బన్యన్, కానీ తెలుగు చదవడం అమ్మమ్మతోనే ఆగిపోయిన ఇంట్లో ఒక్కటే మొదలుపెట్టాలంటే కీర్తనల పుస్తకమే, నాకు ఇందులో అనుమానం లేదు. మా సండే స్కూల్ పిల్లలు పాటలు ఒడియా అక్షరాల్లో నోట్‌బుక్‌లో రాసుకుంటారు, తెలుగు పాట, ఒడియా రాత, పక్కన అర్థం వాళ్లకొచ్చిన భాషలో. రాసుకోనివ్వండి. తెలుగు అక్షరాలు రావా నీకు అని అందరి ముందూ ఒక్కసారి అన్నామంటే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పి పాడదు.