ఫ్రెంచ్ మజోలికా: ముందు ప్లేట్లు కొనాలా, మాసియే కోడిపుంజా?

మజోలికా అంటే ఉబ్బెత్తు బొమ్మల మీద మెరిసే రంగుల పూత వేసిన మట్టిసామాను; ఫ్రెంచ్‌వాళ్లు దాన్ని బార్బొటీన్ అంటారు. ఫ్రాన్స్‌లో పాత సామాన్ల సంతకెళ్లి బార్బొటీన్ ఉందా అని అడిగితే రెండు రకాల సరుకు చూపిస్తారు. ఒకటి భోజనాల బల్ల మీదిది: ఆస్పరాగస్, ఆర్టిచోక్ అనే కూరగాయలకీ, ఆయిస్టర్ గుల్లలకీ విడివిడిగా చేసిన ప్లేట్లు. రెండోది షోకేసులోది: కోళ్ల బొమ్మలు, పూలకుండీలు. ఎక్కువగా పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, ఆ తర్వాత కొన్నేళ్లలో తయారైన సరుకే ఇది. కొత్తగా పోగుచేసేవాళ్లకైతే నా ఓటు ప్లేట్లకే.

ఆస్పరాగస్ ప్లేటు చేతిలోకి తీసుకుని చూడండి. కాడలు పడుకోబెట్టినట్టు ఉబ్బెత్తుగా ఉంటాయి, పక్కన సాసుకి ఓ గుంట. ఒకే అచ్చులో తీసిన రెండు ప్లేట్లు పక్కపక్కన పెడితే ఒకదాంట్లో ఆకుపచ్చ గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) కాడ దాటి కారిపోయి ఉంటుంది, ఇంకోదాంట్లో గీత దగ్గరే ఆగుతుంది. కన్ను తేరేది ఇలా పోల్చి చూడటంతోనే. ఇక వెనక్కి తిప్పితే, ఫ్యాక్టరీ ముద్ర, అంటే మార్కు ఉంటే, ప్లేటు కథ ఆ మార్కే చెబుతుంది. లొరేన్ ప్రాంతంలోని సార్గ్‌మీన్ ఊరు, అదే పేరున్న మట్టిపాత్రల కంపెనీతో సహా, 1871లో జర్మనీ చేతికి పోయింది. దాంతో కంపెనీవాళ్లు ఫ్రాన్స్ వైపు దిగ్వాన్‌లో, వీత్రీలో కొత్త ఫ్యాక్టరీలు పెట్టారు. కాబట్టి మార్కులో దిగ్వాన్ పేరుంటే, అమ్మేవాడు 1850 నాటిదని ఎంత ఒట్టేసినా నమ్మక్కర్లేదు. పైగా ఇవి ఫ్యాక్టరీ సరుకు. ఒకటి పగిలినా జత వెతుక్కోవచ్చు.

అందం మాటకొస్తే మాసియేలదే పైచేయి, అందులో వాదన లేదు. ఈ కుమ్మరి కుటుంబం ఫ్రాన్స్ దక్షిణ తీరాన వంటకుండలకు పేరుపడ్డ వల్లోరిస్ ఊరిది. డెల్ఫిన్ మాసియే చేసిన కోడిపుంజు ముందు ఏ ప్లేటూ నిలవదు. చిక్కల్లా ఆ అందంతోనే: ముక్కు, తురాయి, తోక కొసలు, అన్నీ బయటికి పొడుచుకొచ్చినవే, ముందు విరిగేవీ అవే. అతికించి, రంగేసి, పైన మెరుపు పూస్తే మామూలు వెలుతురులో కంటికి ఆనదు. చీకట్లో యూవీ టార్చి వేస్తే అతుకు చాలాసార్లు వేరే ఛాయలో బయటపడుతుంది. ఉన్న డబ్బంతా ఒక్క పుంజు మీద పెట్టి, ఇంటికొచ్చాక టార్చి వేసుకుంటూ కూర్చోవడం ఎంత టెన్షనో!

పదహారో శతాబ్దపు ఫ్రెంచ్ కుమ్మరి పాలిస్సీ తరహాలో, పాములు, కప్పలు పాకే పళ్లేల జోలికి మాత్రం మొదట్లో వద్దు. సంతకం లేనివి బోలెడు, పోర్చుగల్లోనూ ఇలాంటివే చేశారు.

ఒకటి మాత్రం మరవకండి. ఈ గ్లేజుల్లో సీసం ఉంటుంది, పులుపు తగిలితే ఊరుతుంది. ఆస్పరాగస్‌కి వేసేదేమో వెనిగర్ సాసు! ప్లేటు అలంకరణకే పరిమితం. గోడకి తగిలించే స్ప్రింగు హ్యాంగర్లు అంచు పెచ్చులు లేపుతాయి, చెక్క స్టాండు నయం.

ఇంట్లో ఉన్నది ఒకే అల్మారా, సెట్ల మీద మోజు లేదు అనుకునేవాళ్లు పుంజుకే వెళ్లొచ్చు. కాకపోతే సంతకం ఉన్నదే చూడండి, మరమ్మతు జరిగిందో లేదో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే బేరం అక్కడితో ఆపేయండి.