లేఓవర్‌లో మ్యూజియం: సాలార్‌జంగా, పురానీ హవేలీయా, మూసీ అవతలా?

దుబాయ్ నుంచో ఢిల్లీ నుంచో వచ్చి విశాఖకో తిరుపతికో ఫ్లైట్ మారేవాళ్లకు హైదరాబాద్ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఏడెనిమిది గంటలు ఖాళీ (లేఓవర్) దొరకడం మామూలే. ఈలోపు ఊళ్లోకి వెళ్లి ఒక మ్యూజియం చూసి రావచ్చా అని అడిగితే, సగం మంది ‘సాలార్‌జంగ్ చూసెయ్’ అంటారు, మిగతా సగం ‘ట్రాఫిక్‌లో ఇరుక్కుంటావ్, కదలకుండా కూర్చో’ అంటారు. నా లెక్కలో వెళ్లి రావచ్చు. అయితే లోపల ఏముందన్నది తర్వాత సంగతి. ముందు తేల్చుకోవలసింది ఆ మ్యూజియం మూసీకి ఏ ఒడ్డున ఉందన్నది.

ఎయిర్‌పోర్ట్ ఊరికి దక్షిణాన ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ మూడూ మూసీకి దక్షిణపు ఒడ్డునే ఉన్నాయి, అంటే మీరు దిగిన వైపే. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియం అవతలి ఒడ్డున ఉన్నాయి. మ్యాప్‌లో చూస్తే నాలుగైదు కిలోమీటర్ల తేడాయే. కానీ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి లక్డీకాపూల్, మాసబ్‌ట్యాంక్, మెహదీపట్నం మీదుగా వెనక్కి రావాలంటే ఆ నాలుగైదు కిలోమీటర్లే గంట తినేస్తాయి. మెహదీపట్నం చేరాక పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్లు సాఫీగానే సాగుతుంది. ఎక్కేదాకానే టెన్షన్.

పాతబస్తీ దారి ఒకప్పుడు ఇంతకంటే ఘోరంగా ఉండేది. ఆరాంఘర్ నుంచి జూపార్క్ దాకా లారీలు, ఆటోలు, బస్సులు అన్నీ ఒకే ఇరుకులో కదిలేవి. 2025 జనవరిలో ఆ పొడవునా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు, మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. లేఓవర్ వాళ్లకు ఈ ఊరు చేసిన పెద్ద ఉపకారం అదే. ఇప్పుడు శంషాబాద్‌లో బయల్దేరితే జూపార్క్ దాకా పెద్దగా ఆగే పని లేదు. అసలు ఇరుకు బహదూర్‌పురా దాటాకే.

ముందు టైమ్ సంగతి తేల్చుకుందాం. పొద్దున తొమ్మిదికి దిగారు, సాయంత్రం ఐదుకి విశాఖ ఫ్లైట్ ఉందనుకుందాం. డొమెస్టిక్ నుంచి డొమెస్టిక్ అయితే బయటపడేసరికి తొమ్మిది నలభై, పాతబస్తీ చేరేసరికి పదిన్నర దాటుతుంది. మూడింటికల్లా ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర ఉండాలి. గేటు దగ్గర టికెట్, ఐడీ చూస్తారు, తర్వాత సెక్యూరిటీ. పండగ రోజుల్లో ఆ లైన్ ఎంత పొడుగుంటుందో తెలిసినవాళ్లు రెండు గంటల ముందు చేరడానికి బద్ధకించరు. అంటే పాతబస్తీలో ఒంటిగంటన్నరకి కారెక్కాలి. ఎనిమిది గంటల లేఓవర్‌లో మీ చేతికి వచ్చేది మూడు గంటల లోపే. లేఓవర్ ఏడు గంటలైతే రెండు లోపే. ఆరు గంటలే ఉంటే ఎయిర్‌పోర్ట్‌లోనే ఇరానీ చాయ్ తాగండి, ఉస్మానియా బిస్కెట్లు అక్కడా దొరుకుతాయి.

విదేశం నుంచి వస్తుంటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ కోసం ఇంకో గంట పక్కన పెట్టాలి. పెట్టెలు చాలావరకు హైదరాబాద్‌లోనే తీసుకుని మళ్లీ అప్పజెప్పాలి. గల్ఫ్ ఫ్లైట్లు తెల్లవారుజామున దిగుతాయి కాబట్టి ఇంకో ఇబ్బందీ ఉంది. మ్యూజియాలు తెరిచేది పదింటికి. నాలుగింటికి దిగి, పదకొండున్నరకి తర్వాతి ఫ్లైట్ ఉంటే ఏడున్నర గంటలున్నా అవి మ్యూజియానికి పనికిరాని గంటలే.

ఇక అసలు పోటీ సాలార్‌జంగ్‌కీ పురానీ హవేలీకీ మధ్యే.

సాలార్‌జంగ్ గొప్పతనం మీద వాదన లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ నిజాం దగ్గర కొద్దికాలం ప్రధానిగా చేసి, పదవి వదిలేశాక జీవితమంతా వస్తువులు పోగెయ్యడానికే ఖర్చుపెట్టాడు. పెళ్లి చేసుకోలేదు. 1949లో పోయాడు. 1951 డిసెంబర్‌లో ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే ఈ మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభించారు. ఇప్పుడున్న దారుల్‌షిఫా భవనానికి మారింది 1968లో. నలభై వేలకు పైగా కళాఖండాలు, దాదాపు నలభై గ్యాలరీలు. చిక్కంతా ఇక్కడే. ఇది పెళ్లి విందు లాంటి మ్యూజియం, రైలు టైమవుతోందని వాచీ చూసుకుంటూ తినేవాడికి ఆకులో ఏం వడ్డించారో కూడా గుర్తుండదు.

అయినా వెళ్లి తీరాలంటే నాలుగు వస్తువులు అనుకుని వెళ్లండి. ఒకటి, మేలిముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ముఖం మీద ముసుగు కూడా అదే రాయి. ముక్కు, పెదవులు ముసుగు వెనక నుంచి కనిపిస్తున్నట్టే ఉంటాయి, ఎక్కడ గుడ్డ ఆగి ఎక్కడ చర్మం మొదలైందో కళ్లు చికిలించి వెతుక్కోవాలి. రెండు, గోథే ‘ఫౌస్ట్’ నాటకంలోని ఇద్దరి జంట బొమ్మ: ముందు నుంచి చూస్తే పొగరుగా నిలబడ్డ దయ్యం మెఫిస్టోఫెలిస్, వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా. రెండూ ఒకే చెక్కలో. మూడు, పచ్చరాతి వస్తువుల గది, అందులో జహంగీర్, నూర్జహాన్‌ల కత్తులు. నాలుగోది గడియారం.

గడియారం కోసమే సాలార్‌జంగ్ వెళ్లేవాళ్లున్నారు, తప్పు లేదు. కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. లోపల ఒక కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది. గంట కాగానే గడ్డం ఉన్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. ముందు జనం కూర్చోడానికి చోటుంది. పన్నెండు గంటలకు ఎక్కువసేపు మోగుతుంది కాబట్టి అప్పుడే ఎక్కువమంది చేరతారు, పిల్లల్ని భుజాలకెత్తుకుని, ఫోన్లు పైకి పట్టుకుని. లేఓవర్ లెక్కలో ఇది ముఖ్యం. పదిన్నరకల్లా లోపలికి వెళ్లగలిగితే మిగతా మూడూ చూసి పన్నెండుకి గడియారం దగ్గర ఉండొచ్చు, పన్నెండున్నరకి బయటపడొచ్చు. పదకొండున్నరకి చేరితే మాత్రం గడియారం ముందు చూసి మిగతావి పరుగులో చూడాలి. ఆదివారమైతే ఆ పరుగు కూడా సాగదు, గ్యాలరీల్లో జనం వెనక జనం.

పురానీ హవేలీ సంగతి వేరు. సాలార్‌జంగ్‌కి దగ్గర్లోనే, దుర్రు షెహ్వార్ పిల్లల ఆసుపత్రి పక్కన. ఆటోవాళ్లకు నిజాం మ్యూజియం అని చెప్తే ఒక్కోసారి చౌమహల్లాకి తీసుకెళ్తారు, అందుకని ఆసుపత్రి పేరు చెప్పడమే మేలు. ఇక్కడున్నది ప్రధానంగా ఒకే సందర్భానికి సంబంధించిన సామాను: ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనకు పాతికేళ్లు నిండినందుకు 1937లో జరిగిన రజతోత్సవానికి వచ్చిన కానుకలు. ఊళ్లోని పెద్ద భవనాల వెండి నమూనాలు, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్స్, ఉత్సవం కోసం చేయించిన బంగారు పూత సింహాసనం. చేతిలో పట్టే వెండి భవనాల్ని చూస్తే ఆనాటి నగరంలో జనం దేన్ని చూసి గర్వపడ్డారో తెలుస్తుంది. పాతబస్తీ చూడ్డానికి టైమ్ లేనివాడికి ఇంతకంటే దగ్గరి దారి ఇంకొకటి నాకు తోచదు.

నాకు మాత్రం ఆ వెండి బంగారాల కన్నా బీరువాల హాలే ఇష్టం. ఏడో నిజాం తండ్రి మహబూబ్ అలీ పాషా 1869 నుంచి 1911 దాకా నిజాం. వేసుకున్న బట్టలు మళ్లీ వేసుకునేవాడు కాదని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ బట్టల కోసం హాలు పొడవునా, రెండంతస్తుల్లో, రెండు వైపులా బర్మా టేకు బీరువాలు. పై అంతస్తుకి చేరడానికి చేత్తో నడిపే చెక్క లిఫ్ట్. ఇక్కడి నుంచి అక్కడిదాకా నడిచి వెనక్కి రావడమే ఒక అనుభవం, పైగా చాలాసార్లు మీరొక్కరే ఉంటారు. (జాకబ్ వజ్రం ఇక్కడ ఉంటుందని వచ్చేవాళ్లకు ఒక మాట. మహబూబ్ పాషా బూటు ముందుభాగంలో కొడుక్కి దొరికిందని చెప్పుకునే ఆ వజ్రాన్ని మిగతా నగలతో కలిపి 1995లో కేంద్ర ప్రభుత్వం కొనేసింది.)

ఇదంతా చూడ్డానికి గంట చాలు. తొందరపడకుండా చూస్తే గంటంపావు. అందుకే ఏడు గంటల లేఓవర్‌కి నా ఓటు పురానీ హవేలీకే. సగం చూసి వదిలేశామన్న బాధ ఉండదు. సాలార్‌జంగ్ ఎనిమిది గంటలు దాటిన లేఓవర్‌కి, అది కూడా పొద్దున దిగేవాళ్లకి. తొమ్మిది గంటలుంటే రెండూ చూడొచ్చు: పన్నెండు గంటల గడియారం చూసుకుని ఆటోలో పురానీ హవేలీకి.

చౌమహల్లాని మూడో స్థానంలో పెట్టడం చాలామందికి నచ్చదు. అందంలో అదే మొదటిది, ఒప్పుకుంటాను. ఖిల్వత్ దర్బారు హాల్లో పందొమ్మిది బెల్జియం షాండ్లియర్లు, పాత కార్ల మధ్య 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం. కానీ అక్కడ సగం సేపు గడిచేది ఆరుబయట, తోటల మధ్య, హౌజు చుట్టూ. డిసెంబర్‌లో అయితే నేనూ అటే తీసుకెళ్తాను. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ ప్రాంగణం దాటి, చెమటలు కారుతూ వచ్చి మళ్లీ విమానంలో కూర్చోవడం ఎవరికి సరదా? పైగా చార్మినార్, లాడ్‌బజార్ జనంలోంచి కారు బయటపడాలి. ఇంట్లో ఆడవాళ్లు వెంట ఉండి గాజుల దుకాణాలు కనబడ్డాయంటే, ఫ్లైట్ సంగతి దేవుడెరుగు.

మూసీ అవతలివి రెండు ముక్కల్లో చెప్తాను. స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చాడు, ఇప్పుడు ఆక్సిజన్ లేని గాజుపెట్టెలో పెట్టారు. బిర్లాలో గోదావరి లోయలో తవ్వి తీసిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది, పొడవు నలభై అడుగులకు పైమాటే. డైనోసార్ పిచ్చి ఉన్న పిల్లాడు వెంట ఉంటే నా సలహాలన్నీ పక్కనపెట్టి ఏరు దాటాల్సిందే, కాకపోతే లేఓవర్ పది గంటలైనా ఉండాలి.

కారు విషయం. ఎయిర్‌పోర్ట్‌కి నడిచే పుష్పక్ బస్సులు రాత్రింబవళ్లు తిరుగుతాయి కానీ పాతబస్తీ సందుల్లోకి అవి పనికిరావు. పోయేటప్పుడు క్యాబ్ దొరుకుతుంది, కష్టమంతా వచ్చేటప్పుడే. మధ్యాహ్నం దారుల్‌షిఫాలో యాప్‌లో బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి ‘సార్, డ్రాప్ ఎక్కడ?’ అని అడిగి క్యాన్సిల్ చేయడం మామూలు. అందుకని ‘నాలుగు గంటలు, నలభై కిలోమీటర్ల’ ప్యాకేజీ మాట్లాడుకుని అదే కారు ఉంచుకోండి. రానూపోనూ నలభై దాటుతుంది, పైన పడే కిలోమీటర్లకు ఎంతో ముందే అడిగేయండి. పెద్ద పెట్టెలు వెంట ఉంటే ఈ మొత్తం ప్రయాణం మానుకోవడమే నయం. క్లోక్‌రూమ్‌లో చేతిసంచి పెట్టుకుంటారు గానీ, ఇరవై మూడు కిలోల సూట్‌కేసుల్ని ఎవరి మీద వదిలి రెబెకా ముందు నిలబడతారు?

వారం కూడా చూసుకోవాలి. శుక్రవారం సాలార్‌జంగ్, పురానీ హవేలీ, చౌమహల్లా, స్టేట్ మ్యూజియం నాలుగూ మూసే ఉంటాయి. మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు వేళకి ఆ చుట్టుపక్కల కారు కదలదు. ఆ రోజు దిగినవాళ్లకు బహదూర్‌పురాలో జూపార్క్ దగ్గరి సుధా కార్స్ మ్యూజియం మిగులుతుంది. బూటు ఆకారం కారు, బర్గర్ కారు, క్రికెట్ బ్యాటు కారు, అన్నీ నడిచేవే. చరిత్ర ఆశించి వెళ్తే నిరాశే. పిల్లలైతే బయటికి రామంటారు. ఇరుకు మొదలయ్యే చోటికి ఇవతలే ఉంది కాబట్టి, గంట చూసి వెనక్కి ఫ్లైఓవర్ ఎక్కేయొచ్చు.