కొండవాలు, ఒడ్డు, వన్‌టౌన్: విశాఖలో డిజైన్ ప్రాజెక్టుకు ఏ సైట్ మేలు?

విశాఖలో ఆర్కిటెక్చర్ చదివేవాళ్లకు సైట్ దొరకడం కష్టం కాదు, దొరికిన మూడింట్లో రెండు వదులుకోవడమే కష్టం. కైలాసగిరి వైపు కొండవాలు, రామకృష్ణా బీచ్ నుంచి భీమిలి దాకా తీరం, కురుపాం మార్కెట్ చుట్టూ వన్‌టౌన్ పాత వీధులు. ఎంచుకోవడానికి మా కొలబద్ద ఒకటే: స్థలం మారితే డిజైన్ కూడా మారిపోవాలి. అదే ప్లాన్‌ను మధురవాడలో ఓ చదును ప్లాటులో పెట్టినా అతికిపోతే, ఆ సైట్ మీకేమీ నేర్పలేదన్నమాట. ఆ లెక్కన మా ఓటు ముందు కొండకి, తర్వాత వన్‌టౌన్‌కి. అందరూ మొదట కోరుకునే బీచ్‌కి ఆఖరి స్థానం.

బీచ్ ఎందుకు ఆఖరు? సముద్రం కనిపించాలన్న కోరిక భవనంలో ఒక్క ముఖాన్నే మలుస్తుంది, మిగతా మూడు వైపులూ ఎక్కడైనా ఉండగల గోడలే అవుతాయి. పైగా గాలి లెక్క తప్పుతుంది. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి నైరుతి నుంచి, అంటే దాదాపు ఒడ్డు వెంబడే వీస్తుంది. సముద్రానికి సూటిగా తెరిచిన పెద్ద కిటికీని అది రాసుకుంటూ పోతుందే గానీ లోపలికి రాదు. రావాలంటే కిటికీకి ఈశాన్యపు అంచున నిలువు రెక్క గోడ పెట్టాలి, లేదా గదులను రంపపు పళ్లలా కాస్త నైరుతికి తిప్పాలి.

గాజు గోడలు గీసేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి. భవనాల మీద గాలి భారం లెక్కకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గాజు పలక మీద 900 కిలోల తోపుడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. కాంక్రీటు సంగతీ అంతే. తీరపు గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు బలం, 45 మి.మీ. కవర్ (ఇనుప చువ్వను కప్పే కాంక్రీటు పొర) అడుగుతుంది. షీట్ల మీద అందంగా కనిపించే 100 మి.మీ. మందం ఫిన్‌లో (గోడ నుంచి ముందుకొచ్చే పలుచటి రెక్కలో) రెండు వైపులా కవర్ తీసేస్తే చువ్వకు మిగిలేది 10 మి.మీ.!

ఇక సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు. 2019 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి పోటు గీత నుంచి 50 లేదా 200 మీటర్ల దాకా కట్టడాలకు వీల్లేదు. నగర తీరంలో ఇప్పటికే ఉన్న రోడ్డుకు గానీ, అనుమతి పొందిన కట్టడాలకు గానీ లోపలి వైపే కట్టాలి. ఆ గీత ఎక్కడుందో తీరప్రాంత నిర్వహణ ప్లాన్ మ్యాపులో చూడాలి, ఇసుక మీది తడి గుర్తు చూసి గీయకూడదు. ఎర్రమట్టి దిబ్బల జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు. అది భూవైజ్ఞానిక వారసత్వ స్థలం, వాన నీటి దారి ఒక్కటి మళ్లినా కోసుకుపోయే నేల. జాలరిపేటలో వలలు అల్లే షెడ్డు, చేపల వేలం పాట హాలు లాంటి, సముద్రం లేకపోతే బతకని పని ఏదైనా మీ చేతిలో ఉంటే బీచ్ తీసుకోండి, అప్పుడు అది గొప్ప సైట్.

కొండవాలు దగ్గర సెక్షన్ (భవనాన్నీ నేలనూ నిలువుగా కోసి చూపే బొమ్మ) గీయకుండా ప్లాన్ మొదలుపెట్టలేరు. విద్యార్థికి అంతకన్నా మంచి గురువు లేదు. వాలు 1:4, అంటే నాలుగు మీటర్లకు ఒక మీటరు ఎత్తు అనుకుందాం. 12 మీటర్ల లోతున్న భవనానికి కింది అంచుకూ పై అంచుకూ 3 మీటర్ల తేడా, సరిగ్గా ఒక అంతస్తు. కింది వాళ్లు కింది అంతస్తులోకి, పై వాళ్లు పై అంతస్తులోకి నేల మీది నుంచే నడిచి వస్తారు. ఇది గమనించనివాళ్లు ఆ 3 మీటర్లకు 1:12 ర్యాంపు గీస్తారు. దానికి 36 మీటర్ల పొడవు, 9 మీటర్లకొకటి చొప్పున మధ్యలో మూడు ల్యాండింగులు కావాలి. సగం సైట్ ర్యాంపే తినేస్తుంది.

తవ్వకం చూడండి. 20 మీటర్ల పొడవున్న అదే భవనం కోసం వాలును పూర్తిగా కోసి చదును చేస్తే 360 ఘనపు మీటర్ల మట్టి. ఆరు ఘనపు మీటర్ల టిప్పర్లకు 60 ట్రిప్పులు, తవ్విన మట్టి ఉబ్బుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే. సగం కోసి సగం పూడిస్తే 90. మూడేసి మీటర్ల నాలుగు మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టులో సగం కోసి సగం పూడిస్తే 22 చిల్లర. అయితే పూడ్చిన మట్టి మీద పునాది వేస్తే కుంగుతుంది, పునాదిని అసలు నేల దాకా దించాల్సిందే. మన కొండల్లో ఖొండలైటు రాయి పైపొరల్లో శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. అక్టోబర్ వానల్లో అది నీళ్లు తాగి బరువెక్కి గోడను తోస్తుంది. మట్టిని ఆపే 3 మీటర్ల రిటైనింగ్ వాల్‌ను 230 మి.మీ. ఇటుక గోడలా గీస్తే జ్యూరీ అక్కడే ఆపుతుంది. అడుగు వెడల్పు ఎత్తులో సగానికి పైన, దాదాపు 1.6 మీటర్లు ఉండాలి. వెనక కంకర పొర, గోడలో నీళ్లు కారే గొట్టాలు, భవనానికి పైన వాన నీటిని పక్కకు మళ్లించే కాలువ కూడా గీయాలి. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లే ఆ కొండకు పేరయ్యాయి. నీటి ఆలోచన కొండ మీద ఎంత ముందు రావాలో చెప్పడానికి అది చాలు.

కొలతల్లోనే ఎక్కువమంది దెబ్బతింటారు. ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం (ఉపగ్రహ కక్ష్య నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా) కాంటూర్లు, అంటే సమాన ఎత్తు గీతలు, 30 మీటర్ల గడి మీద తయారైనవి. 45 × 45 మీటర్ల అరెకరంలో వాటికి రెండు మూడు బిందువుల సమాచారమే ఉంటుంది, మిగతావన్నీ కంప్యూటర్ కలిపిన గీతలు. 5 మీటర్ల గడి వేసుకుని ఎత్తుల తేడా కొలిచే ఆటో లెవెల్‌తో 100 బిందువులు తీసుకోండి. అది దొరక్కపోతే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు, కానీ లోపల గాలి బుడగ ఉంటే రీడింగ్ తప్పుతుంది. మోడల్‌కు 1:200 స్కేలులో 5 మి.మీ. సన్‌బోర్డు ఒక్కో పొర ఒక్కో మీటరు కాంటూర్.

వన్‌టౌన్‌కు ఈ సరంజామా అక్కర్లేదు, టేపు చాలు. ఓపిక మాత్రం రెట్టింపు కావాలి. సన్నటి ముఖం, లోతైన ఒళ్లు, రెండు పక్కలా పొరుగింటి గోడలు. వెలుగూ గాలీ నడిమి నుంచే రావాలి, అందుకే ఆ ఇళ్లలో మండువా. రెండంతస్తుల ఎత్తు 6.5 మీటర్లనుకుంటే, డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల దగ్గర ఉంటాడు. దక్షిణపు గోడ నీడ 5.7 మీటర్లు, 3 మీటర్ల మండువా నేలకు ఎండ తగలదు. జూన్‌లో 84 డిగ్రీలు, ఉత్తరపు గోడ నీడ 65 సెంటీమీటర్లే, నేలంతా కాలుతుంది. మీకు కావాల్సింది దీనికి తలకిందులు, కాబట్టి వేసవిలో కప్పి చలికాలంలో తీసే పందిరి గానీ, దక్షిణం వైపు ఒక అంతస్తు తగ్గించడం గానీ డిజైన్‌లోకి రావాలి. కొలిచేటప్పుడు ప్రతి గదికీ రెండు కర్ణాలు తీసుకోండి, పాత ప్లాట్ల మూలలు లంబకోణంలో ఉండవు. సున్నపు గోడకు సిమెంటు పూత ప్రతిపాదించొద్దు, లోపలి చెమ్మ బయటికి పోలేక ఉప్పు పొంగి పూత రాలుతుంది.

లెవెల్ పట్టుకోవడానికి ఇద్దరు తోడు, రెండు రోజుల వెసులుబాటు ఉంటే కొండ ఎక్కండి. ఒక్కరే పని చేస్తుంటే, ఇళ్లవాళ్లతో మాట కలపడం మీకు వస్తే, వన్‌టౌన్.